లోకం కంటే ఇరవై ఒక్క రోజులు వెనక

హాగ్‌బర్ట్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. లోకం కంటే ఇరవై ఒక్క రోజులు వెనక బతికేవాడు.

మతి లేక కాదు. దేశానికి ఉత్తరపు కొసన, సముద్రం మధ్య మా స్కార్వ దీవిలో ఉన్న తొమ్మిది ఇళ్ళలో, నలభై ఏడు మందిలో, కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదివే మనిషి అతనొక్కడే. రేవు పక్కన కొట్టు అతనిది. టపా దింపుకునేదీ అతనే. పడవ మూడు వారాలకోసారి గురువారం వచ్చేది. ఆ మూడు వారాల పేపర్లూ ఒకే కట్టగా, తాడేసి దిగేవి. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? అన్నిటికంటే కొత్తది లాగి ముందు అది చదువుతాడు. హాగ్‌బర్ట్ అలా కాదు. అన్నిటికంటే పాతది తీసి, ఆ రోజుకి అదొక్కటే చదివి, మిగతా కట్ట మీద రాయి పెట్టేవాడు. రేపటి పేపరు రేపే.

కొట్టు గోడకి రెండు క్యాలెండర్లు వేలాడేవి. ఒకదాని మీద ‘ఇక్కడ’ అనీ, రెండోదాని మీద ‘లోకం’ అనీ పెన్సిలుతో రాసుకున్నాడు. పడవలూ, ప్రార్థనలూ, బంగాళాదుంపలు నాటడమూ మొదటిదాని ప్రకారం. రాజులూ, ప్రభుత్వాలూ, భూకంపాలూ రెండోదాని ప్రకారం. ఆదివారం పేపరు అచ్చు కాదు. కాబట్టి ఆదివారం నాడు లోకంలో ఏమీ జరగదని అతని నమ్మకం.

పడవ వచ్చిన రోజు చూడాలి అతని అవస్థ. పడవ నడిపే సరంగు తాజా కబుర్లు నోటి నిండా పెట్టుకుని వచ్చేవాడు. హాగ్‌బర్ట్ రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకుని, గొంతెత్తి కీర్తన పాడుతూ రేవు మీదకి వెళ్ళేవాడు. చెవుల్లో వేళ్ళుంటే పిండి బస్తా ఎలా పట్టుకుంటాడు? పట్టుకోడు. బస్తాలు మేం మోసేవాళ్ళం.

"ఏం మనిషివయ్యా," అన్నాను ఒకసారి, నా వీపు మీద బస్తా ఉండగా. "కబురు పాతబడితే పుచ్చిపోతుందా, ముందే తెలిస్తే కాలుతుందా?"

"డొర్తెయా, వచ్చే గురువారం నువ్వేం వండుతావో నాకు ఇవాళే చెబితే నాకు ఆకలేస్తుందా?"

"నేను వండేదేదో నీకెందుకు చెబుతాను?"

"అదే నేననేది," అని మళ్ళీ చెవులు మూసుకున్నాడు.

మొదట్లో జనం విసుక్కున్నారట. నేను కోడలిగా వచ్చేనాటికి అందరికీ ఆ రుచి మరిగింది. సాయంత్రం నాలుగింటికి కొట్లో కాఫీ. పళ్ళ మధ్య పంచదార ముక్క కరిచిపెట్టుకుని, దాని మీదుగా కాఫీ జుర్రుకుంటూ, లోకంలో తర్వాత ఏమైందా అని బల్లల మీద కూర్చునేవాళ్ళం. సరంగు ఏదైనా చెప్పబోతే మేమే నోరు మూయించేవాళ్ళం. ‘చెబితే నీకు కాఫీ లేదు’ అంటే చాలు. అంత చలిలో ఎవడైనా నోరు మూస్తాడు.

నేను చెప్పే ఏడాది పందొమ్మిది వందల ఇరవై ఎనిమిది. లోకం ఆ ఏడాది బాగా తిరిగింది. మా దీవిలో మాత్రం ఆలస్యంగా తిరిగింది.

ముందు జనవరిలో మా దేశానికి మొట్టమొదటిసారి కార్మికుల ప్రభుత్వం వచ్చింది. మాకు ఫిబ్రవరిలో వచ్చిందనుకోండి. పీపాలు చేసే కొర్నేలియస్ మా దీవి మొత్తానికి ఒక్కడే సోషలిస్టు. హాగ్‌బర్ట్ ఆ పేపరు చదువుతుంటే లేచి నిలబడి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. మర్నాడు వాళ్ళావిడ ఎర్ర లంగా జెండాలా కొట్టం మీద ఎగిరింది. కొత్త మంత్రిగారికి ఉత్తరం కూడా రాశాడు, మా రేవు చెక్కలు పుచ్చిపోయాయని, కార్మిక సోదరుడిగా చూసుకోవాలని.

ఆ ప్రభుత్వం పద్దెనిమిది రోజులు నిలిచింది. కొర్నేలియస్ లంగా ఎగరేసేనాటికే అది కూలిపోయి మూడు రోజులైంది. హాగ్‌బర్ట్ రోజుకొకటి చొప్పున చదువుకుంటూ వెళ్ళి, సరిగ్గా పద్దెనిమిది రోజులకి దాన్ని కూల్చాడు. కొర్నేలియస్ కాఫీ గిన్నె బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వు కాస్త నెమ్మదిగా చదివి ఉంటే ఇంకో నెల నిలబడేది," అన్నాడు.

"పేపర్లో ఉన్నది చదివాను. నేను కూల్చలేదు."

"నీ గొంతులోనే ఉంది. మొదటి రోజు నుంచీ అది కూలిపోతుందన్నట్టే చదివావు."

"లంగా దించు కొర్నేలియస్," అంది మా అత్తగారు సెరీనె. "గాలికి చిరిగిపోతోంది. నీ పెళ్ళాం ఏం కట్టుకుంటుంది?"

మా అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ మాట్లాడితే ఇలాగే, అవసరమైన ముక్క. మిగతా సమయమంతా గాలాలకి ఎర గుచ్చుతూ ఉండేది. బడి మొహం చూడలేదు. నేను మూడు చలికాలాలు చూశాను. పెద్ద మాటైతే రెండు ముక్కలు చేసి చదువుతాను, కానీ చదువుతాను. ఆ సంగతి నేనే ఆవిడకి గుర్తుచేస్తుండేదాన్ని, ఆవిడ మర్చిపోకుండా.

ఇక వేసవి. ఇటలీ వాళ్ళు ఉత్తర ధ్రువం మీదకి, గ్యాసు నింపిన పెద్ద బుడగతో ఎగిరే గాలి ఓడలో వెళ్ళి, తిరిగి వస్తూ మంచు మీద పడ్డారు. ఈ కబురు మా కొట్లోకి జూన్ మధ్యలో వచ్చింది. ఇక చూడండి, దీవిలో ఎవరికీ పని మీద మనసు లేదు. మంచు మీద కొందరు బతికున్నారట, ఎర్ర గుడారం వేసుకున్నారట, చిన్న రేడియోతో కేకలేస్తున్నారట. ఆడవాళ్ళం కూర్చుని వాళ్ళకని ఉన్ని చేతి తొడుగులు అల్లాం. పదకొండు జతలు. జూలై పన్నెండో తేదీ పడవలో, ధ్రువానికి దగ్గరున్న స్పిట్స్‌బెర్గెన్ చిరునామాకి పంపాం. సరిగ్గా ఆ పన్నెండో తేదీనే రష్యా ఓడ ఒకటి వచ్చి వాళ్ళని మంచు మీద నుంచి ఎత్తుకుపోయిందని మాకెలా తెలుస్తుంది? మా తొడుగులు ఎవరు తొడుక్కున్నారో ఈనాటికీ తెలియదు.

అంతలో వాళ్ళని వెదకడానికి విమానమెక్కిన, దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన మా దేశపు అముండ్‌సెన్ కూడా కనబడకుండా పోయాడు. ఇంకేముంది, కొర్నేలియస్ అయితే పీపాలు చెయ్యడం మానేసి, నాలుగు ఎప్పుడవుతుందా అని సూర్యుణ్ణి చూస్తూ కూర్చునేవాడు. వేసవిలో మా సూర్యుడు అస్తమించడు, అదో ఇబ్బంది.

నాకు మాత్రం ఆ వెదుకులాట పేపర్లోది కాదు. మా ఆయన ఐలర్ట్ ఆ వసంతంలో సీల్ వేట ఓడ ‘స్వాన్‌హిల్డ్’ మీద వెళ్ళాడు. జూన్ పడవలో ఉత్తరం వచ్చింది. నాలుగు వరసలు. మా ఓడని కూడా గాలి ఓడ వాళ్ళని వెదకడానికి మాట్లాడారు, ఉత్తరానికి పోతున్నాం, మేజోళ్ళు చిరిగాయి, అమ్మని అడిగానని చెప్పు. అంతే. నాకు ఆరో నెల. ఆ సంగతి అతనికి తెలుసు. ఉత్తరంలో మేజోళ్ళకి చోటు దొరికింది, దానికి దొరకలేదు.

జూలై పన్నెండు పడవలో ఉత్తరం రాలేదు. సరంగు ‘లేదమ్మా’ అని తన బూట్లకేసి చూసుకున్నాడు. అంత చూడదగ్గ బూట్లు కావు అవి.

ఆ రోజు నాలుగింటికి హాగ్‌బర్ట్ కొత్త కట్టలో మొదటి పేపరు విప్పాడు. జూన్ ఇరవై ఒకటి. అముండ్‌సెన్ ఇంకా దొరకలేదు. సరే. మర్నాడు నాలుగింటికి మేమందరం కూర్చున్నాం. హాగ్‌బర్ట్ కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ అదే జూన్ ఇరవై ఒకటి తీశాడు.

"అది నిన్నటిది," అన్నాడు కొర్నేలియస్.

"వెనక పేజీ మిగిలిపోయింది."

"వెనక పేజీలో అమ్మకాలు తప్ప ఏముంటాయి?"

"డబ్బు పెట్టి కొన్న పేపరు. సగం చదివి పారేస్తామా?" అని గొంతు సవరించుకున్నాడు. "‘అమ్మకానికి ఎద్దు. నాలుగేళ్ళ వయసు. గోధుమ రంగు. మంచి స్వభావం.’"

ఆ రోజు ‘లోకం’ క్యాలెండర్ మీద కాగితం చినగలేదు. అలాంటిది నేను కోడలిగా వచ్చాక ఎన్నడూ చూడలేదు. మూడో రోజు జూన్ ఇరవై రెండు వచ్చింది. నాలుగో రోజూ అదే. ఇక ఒక్కో పేపరుకీ రెండు రోజులు. మొదటి రోజు ముందు పేజీలు, రెండో రోజు జుట్టు రాలకుండా నూనె, నడుం బిగించే లోదుస్తులు, ఎక్కడో లోతట్టు పల్లెలో పోయిన గొడుగు. ఆ ఎద్దు ఎవరూ కొనలేదు కాబోలు, ప్రతి పేపర్లోనూ ఉండేది.

"ఎవడికి కావాలయ్యా ఆ ఎద్దు?" అన్నాడు కొర్నేలియస్. "అక్కడ మంచు మీద మనుషులు చస్తున్నారు. అముండ్‌సెన్ ఏమయ్యాడో తెలియదు. నువ్వు మంచి స్వభావం అంటావు."

"ఎద్దుకి అది ముఖ్యం."

"నీకు ముసలితనం వచ్చింది."

"వచ్చింది," అని ఒప్పుకున్నాడు హాగ్‌బర్ట్. "చిన్న అక్షరాలు కనబడ్డం లేదు. అందుకే రెండు రోజులు."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుపడను. ముసలి నత్త అన్నాను. ఒంటరి బ్రహ్మచారికి మొగుడి కోసం ఎదురుచూడడమంటే ఏం తెలుసు అన్నాను. వెదికే ఓడల గురించి ఏదైనా ఉంటే రేపటి పేపర్లోనో ఎల్లుండి పేపర్లోనో ఉంటుంది కదా, చెయ్యి చాస్తే అందుతుంది కదా, ఒక్కసారి రాయి తీసి చూస్తే నీ చెయ్యి విరుగుతుందా అన్నాను. అతను వింటూ నా గిన్నెలో కాఫీ పోశాడు.

"రేపటి పేపరు రేపే, అమ్మాయ్."

"ఇప్పుడు అది కూడా కాదుగా బాబాయ్. రేపటి పేపరు ఎల్లుండి."

అతను నా చేతిలో పంచదార ముక్క రెండు వేశాడు. ఎవరికీ రెండు వెయ్యడు.

అలా పది రోజులు చూశాను. పదకొండో రోజు పొద్దున్న అతను చేపల వల ఎత్తడానికి పడవ వేసుకుని వెళ్ళగానే కొట్లోకి దూరాను. దొంగతనం అంటే అననివ్వండి. మా దీవిలో ఏ తలుపుకీ తాళం లేదు, కాబట్టి అది దొంగతనంలోకి రాదని నా లెక్క. పిండి పీపా వెనక కట్ట ఉంది, దాని మీద రాయి. రాయి తీశాను. తాడు ముడి విప్పాను. ఇంకా విప్పని పేపర్లు కదా, మడతలు కొత్తగా కరకరలాడతాయనుకున్నాను.

కరకరలాడలేదు. ప్రతి పేపరూ విప్పి, మళ్ళీ జాగ్రత్తగా మడిచినదే. ఒకదాని మడతలో పైపు బూడిద. జూలై తొమ్మిదో తేదీ దాని మీద కాఫీ గిన్నె అడుగు ముద్ర, గుండ్రంగా, గోధుమ రంగులో. ఆ పేపరు చదవాల్సింది ఎప్పుడో ఆగస్టులో.

మొదట నాకు ఒళ్ళు మండింది. ఇంత కాలం మా అందరినీ ఊరించి, ఈ ముసలాడు ఒక్కడూ కూర్చుని కడుపు నిండా లోకాన్ని తింటున్నాడా? చెవుల్లో వేళ్ళు, కీర్తనలు, రాయి, రెండు క్యాలెండర్లు, అంతా వేషమా? మేం బస్తాలు మోసింది ఇందుకా?

తర్వాత జూలై రెండో తేదీ పేపరు చూశాను. లోపలి పేజీలో ఒక చిన్న ముక్క పక్కన పెన్సిలు గీత ఉంది, సన్నగా. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ఓడ పేరు పొడుగైనదే, అయినా రెండు ముక్కలు చెయ్యకుండానే చదివేశాను. స్వాన్‌హిల్డ్. పది రోజులుగా కబురు లేదు. మంచు బాగా బిగిసింది. వేరే ఓడ వాళ్ళు నీళ్ళలో చెక్కలు చూశారట, ఏ ఓడవో తెలియదట. ఆ తర్వాతి పేపర్లన్నీ తిరగేశాను, జూలై పదకొండు దాకా. మళ్ళీ ఆ పేరు ఎక్కడా లేదు.

పేపరు ఏప్రన్ కింద దాచుకుని ఇంటికి వెళ్ళాను. అత్తగారు గుమ్మం ముందు చేపలు ఆరబెడుతోంది. నా మొహం చూసి, నా ఏప్రన్ చూసింది.

"పెట్టేసి రా," అంది. "వాడు వల ఎత్తి వచ్చేలోపు."

"ఇందులో ఏముందో మీకు తెలుసా అత్తయ్యా?"

"పేపరు చదవడం నాకు రాదు. హాగ్‌బర్ట్‌ని చదవడం వచ్చు. రెండో రోజు అదే పేపరు తీశాడు చూడు, ఆ రోజే తెలిసింది."

"తెలిసి ఎద్దు సంగతి వింటూ కూర్చున్నారా?"

"నువ్వు వింటున్నావుగా. నువ్వు కూర్చున్నంతసేపూ నేనూ కూర్చున్నాను." చేపని తిప్పి వేసింది. "కూర్చో. కడుపుతో ఉన్నదానివి, అంత వేగంగా నడవకు."

అప్పుడు చెప్పింది. ఆవిడ అంత పొడుగ్గా మాట్లాడడం నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట హాగ్‌బర్ట్ కూడా మామూలు మనిషేనట. పడవ రాగానే కట్ట తెంపి, అన్నిటికంటే కొత్త పేపరు తీసి, అక్కడికక్కడే బిగ్గరగా చదివేవాడు. తన గొంతంటే తనకి ముచ్చట. ఆ రోజు ఆడవాళ్ళందరూ ఎర కొట్టంలో ఉన్నారు. తుఫానులో పోయిన పడవల జాబితా. ఒక్కో పేరూ చర్చిలో చదివినట్టు నిలిపి నిలిపి చదివాడు.

"మీ మావయ్య పేరు కూడా అలాగే నిలిపి చదివాడు," అంది. "నోట్లోంచి వచ్చేశాక తెలిసింది వాడికి, అది ఎవరి పేరో. నా చేతిలో సగం కోసిన హెర్రింగ్ చేప ఉంది. పదకొండు మంది నన్నే చూస్తున్నారు. నేను ఆ చేప కోయడం పూర్తి చేశాను. ఏం చెయ్యాలో తెలియక."

"తర్వాత?"

"తర్వాత నెలరోజులు మా ఇంటికి నీళ్ళు మోశాడు. ఆ తర్వాత పడవ వచ్చినప్పుడు మొదలెట్టాడు ఈ రోజుకొకటి తతంగం. కట్ట వచ్చిన రోజే తలుపేసుకుని అన్నీ చదివేసుకుంటాడు. దీవి పేరో, మనవాళ్ళ పేరో కనబడితే, పేపరు కంటే ముందు తనే ఆ ఇంటికి వెళ్తాడు."

అప్పుడు గుర్తొచ్చింది. కొర్నేలియస్ అన్న బెర్గెన్‌లో పోయినప్పుడు, హాగ్‌బర్ట్ ముందురోజే బుట్టెడు బంగాళాదుంపలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, సాయంత్రం దాకా ఊరికే కూర్చున్నాడు. మేమందరం నవ్వుకున్నాం, దుంపలు అంటగట్టడానికి వెళ్ళాడని.

"మరి మన ఇంటికెందుకు రాలేదు?" అన్నాను.

"ఏమని వస్తాడు? పోయాడని రాయలేదుగా. కబురు లేదని రాశారు. అవునా?"

"అవును."

"సగం కబురు మోసుకురావడం వాడికి చేతకాదు. మిగతా సగం పడవలో రావాలి. అందాకా ఆ తేదీ రాకుండా చూస్తున్నాడు." చెయ్యి తుడుచుకుని, ఏప్రన్ కిందనుంచి పేపరు తనే తీసి నా చేతిలో పెట్టింది. "రాయి సరిగ్గా అక్కడే పెట్టు. వాడికి కళ్ళు బాగానే కనబడతాయి."

పెట్టేసి వచ్చాను. ముడి మాత్రం అతను వేసినంత బాగా రాలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి హాగ్‌బర్ట్ కళ్ళజోడు తుడుచుకుని, జూన్ ఇరవై ఆరు వెనక పేజీ తిప్పాడు. కొర్నేలియస్ నోరు తెరిచేలోపు నేనే తెరిచాను.

"బాబాయ్, ఆ ఎద్దు సంగతి మళ్ళీ చదువు. నిన్న సరిగ్గా వినలేదు."

కొర్నేలియస్ నన్ను శత్రువుతో కలిసిపోయినదాన్ని చూసినట్టు చూశాడు. హాగ్‌బర్ట్ కళ్ళజోడు మీదుగా నాకేసి చాలాసేపు చూశాడు. ఆ ముడి చూశాడనే అనుకుంటాను. తర్వాత చదివాడు. నాలుగేళ్ళ వయసు, గోధుమ రంగు, మంచి స్వభావం.

"కొమ్ముల గురించి ఏమైనా రాశారా?" అడిగింది మా అత్తగారు.

"లేదు సెరీనె."

"రాయాల్సింది."

అలా ముగ్గురం కలిసి జూన్ నెలని లాగాం. గొడుగు పోయినవాళ్ళకి దొరికిందేమో అని చర్చించాం. నూనె రాసుకుంటే జుట్టు నిజంగా వస్తుందా అని కొర్నేలియస్ బట్టతల మీద వాదించుకున్నాం. కొర్నేలియస్ ఒకసారి లేచి వెళ్ళిపోయాడు. అయినా మర్నాడు నాలుగింటికి వచ్చాడు, లోకం ఏమైందో తెలియకుండా ఉండలేడు కదా. మా ముగ్గురిలో ఎవరం ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. నేను ఇంటికి వెళ్ళి పిండి పిసికేదాన్ని, అవసరం లేకపోయినా. అత్తగారు చిరగని మేజోళ్ళు రఫ్ఫు చేసేది. హాగ్‌బర్ట్ మా పొయ్యి దగ్గరకి పుల్లలు తెచ్చి పడేసి, ‘అటు వెళ్తున్నాను’ అనేవాడు. మా ఇంటి అవతల సముద్రం తప్ప ఏమీ లేదు.

ఆగస్టు రెండున పడవ వచ్చేనాటికి జూన్ మొత్తం అయిపోయింది. ఇక కట్టలో పైన ఉన్నది జూలై రెండు. దాచడానికి ఏమీ మిగల్లేదు.

నలభై ఆరు మందీ రేవు మీద ఉన్నాం. హాగ్‌బర్ట్ మొదటిసారి చెవుల్లో వేళ్ళు పెట్టుకోలేదు. కీర్తన లేదు. పడవ ఆనగానే టపా సంచికి చెయ్యి చాచాడు. అందుకున్నాడు. అప్పుడు సరంగు వెనక నుంచి ఎవరో గడ్డం మనిషి, మేజోళ్ళు లేకుండా బూట్లు తొడుక్కుని, ‘తాడు పట్టండి’ అన్నాడు. గడ్డం కొత్తది. గొంతు మా ఆయనది.

హాగ్‌బర్ట్ చేతిలోంచి టపా సంచి తడి చెక్కల మీద పడిపోయింది. తీసుకోలేదు. అక్కడే ఉన్న పీపా మీద కూర్చుండిపోయాడు.

నేనేం చేశానో అది నాకూ ఐలర్ట్‌కీ సంబంధించినది. మా అత్తగారు మాత్రం కొడుకుని పైనుంచి కిందికి చూసి, "మేజోళ్ళు అల్లి ఉంచాను," అంది.

"అమ్మా, మంచులో ఇరుక్కుపోయాం. ఓడ అడుగున తిరిగే చక్రం విరిగింది, మూడు వారాలు కదల్లేదు, మమ్మల్ని ఎవరో..."

"ఆగు," అన్నాడు హాగ్‌బర్ట్, పీపా మీద నుంచి. మొహం తుడుచుకుని లేచాడు. గొంతు మళ్ళీ కొట్టు గొంతైంది. "నువ్వు నోరు విప్పకు ఐలర్ట్. మేమింకా జూలై రెండులో ఉన్నాం. ఇక్కడ నువ్వు తప్పిపోనే లేదు."

"కానీ బాబాయ్, గాలి ఓడ వాళ్ళని..."

"చెప్పకు," అన్నారు నలభై మంది ఒక్కసారిగా. కొర్నేలియస్ అందరికంటే గట్టిగా.

నాలుగింటికి కొట్టు నిండిపోయింది. ఐలర్ట్ నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు, పళ్ళ మధ్య పంచదార ముక్కతో. హాగ్‌బర్ట్ జూలై రెండు విప్పాడు. ముందు పేజీ చదివాడు. లోపలి పేజీకి వచ్చాడు. ఒకసారి మా అత్తగారికేసి చూశాడు. ఆవిడ తల ఊపింది. అప్పుడు చదివాడు, ఎక్కడా నిలపకుండా, వర్షం గురించి చదివినట్టు. స్వాన్‌హిల్డ్ నుంచి కబురు లేదు, మంచు బిగిసింది, నీళ్ళలో చెక్కలు కనబడ్డాయి.

ఐలర్ట్ కాఫీ తాగడం ఆపాడు.

"తర్వాత?" అన్నాడు.

"రేపు. జూలై మూడు."

"అందులో ఉందా? దొరికామని?"

"నాకేం తెలుసు?" అన్నాడు హాగ్‌బర్ట్, రెప్ప వెయ్యకుండా. "ఇంకా విప్పలేదు."

ఆ తర్వాత రోజూ కొట్టుకి అందరికంటే ముందు వెళ్ళింది మా ఆయనే. రోజుకొక్కటే పేపరు, ఇప్పుడు వెనక పేజీల బాధ లేదు. జూలై అయిదున ఏమీ లేదు. తొమ్మిదిన ఏమీ లేదు. పన్నెండు దాటి గాలి ఓడ వాళ్ళు దొరికారు, ఊరంతా చప్పట్లు కొట్టారు, మా ఆయన కొట్టలేదు. భోజనం సరిగ్గా చెయ్యడం మానేశాడు.

"నీకేమైంది?" అన్నాను. "నువ్వు ఇక్కడే ఉన్నావు. నిన్ననే నిన్ను తిట్టాను కూడా."

"ఉన్నాననుకో. అయినా ఇన్ని రోజులంటే, డొర్తెయా, ఆ మంచులో ఎవరైనా బతుకుతారా?"

జూలై ఇరవై పేపరు వంతు ఆగస్టు ఇరవై దాటాక వచ్చింది. హాగ్‌బర్ట్ లోపలి పేజీ తిప్పి, గొంతు సవరించుకుని, ఆగిపోయాడు. అది అతను పడవ వచ్చిన రోజే చదివేసిన ముక్క. నాకు తెలుసు, అత్తగారికి తెలుసు. మనిషి ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అయినా కళ్ళజోడు తీసేశాడు.

"అద్దాలు మసకబారాయి," అని పేపరు నా చేతికిచ్చాడు. "నువ్వు చదువు అమ్మాయ్. నీకు మూడు చలికాలాల చదువుందిగా."

లేచి నిలబడి చదివాను. పెద్ద మాటల్ని రెండేసి ముక్కలు చేశాను, ఎవరూ నవ్వలేదు. స్వాన్‌హిల్డ్ రేవు చేరింది. చక్రం విరిగినా ఓడ బాగానే ఉంది. పదకొండు మందీ క్షేమం.

ఐలర్ట్ చేతులు రెండూ మోకాళ్ళ మీద వేసుకుని, పెద్దగా ఊపిరి వదిలాడు.

"సరిగ్గా చదివావా?" అన్నాడు. "పదకొండు మందీనా?"

"పదకొండు మందీ."

"అయితే నేనూ ఉన్నానన్నమాట."

"పేపర్లో వేశారుగా," అన్నాడు హాగ్‌బర్ట్, గోడకేసి తిరిగి, ‘లోకం’ క్యాలెండర్ మీద కాగితం చింపుతూ. చింపడానికి చాలాసేపు పట్టింది అతనికి, ఆ ఒక్క కాగితం.